మోచేతి కింద లారీ

ఆనందరావుకు ఆనందం రావాలంటే లారీ రావాలి. అదీ ఏసీ క్యాబిన్లో పాటలు పెట్టుకుని పోయే కొత్త లారీ కాదు. యాభై అరవై ఏళ్ల కిందట రోడ్డెక్కి, చివరికి ఏదో గోడపక్కన దిగబడి, బంపరు సందుల్లోంచి పిచ్చిమొక్కలు మొలిపించుకున్న ముసలి లారీ అయి ఉండాలి. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. రిటైరు అనే మాటలోనే టైరు ఉంది గనక తనను బండ్లకు దూరం చేయడం ప్రభుత్వం వల్ల కూడా కాదని ఆయన వాదన. గౌలిపురలోని ఆయన ఇంట్లో నట్టింట్లో నట్లు, వంటింట్లో వాల్వులు. ఒకసారి భార్య సక్కుబాయి పోపుల డబ్బా తీస్తే ఆవాల పక్కగిన్నెలో బేరింగు గుండ్లు దొర్లాయి. వాటిని ఆమె తాలింపులో వేయకపోవడం ఆ సంసారంలో చెప్పుకోదగ్గ సర్దుబాటు.

ఆయనకు లారీలన్నీ ముఖాలతోనే గుర్తు. బెడ్‌ఫోర్డుది గుండ్రటి నుదురు, నిండు బుగ్గలు. పెళ్లిలో ముందువరసలో కూర్చునే మేనమామ వాలకం. డాడ్జి, ఫార్గో కవలలు. ఒక్క తల్లి పిల్లల్నే వేరే పేర్లతో వేరే బళ్లలో వేసినట్టు, ముక్కుమీద అక్షరాలు మార్చి అమ్మేవాళ్లు. లేలాండు కామెట్టంటే తోకచుక్క. టాటా-మెర్సిడిస్ మూతిమీద మూడు కాళ్ల చుక్క. ఆకాశంలో ఉండాల్సిన చుక్కలు రోడ్డుమీద తిరుగుతుంటే, రోడ్డుమీద ఉండాల్సిన ఆనందరావు ఆకాశంలో తిరిగేవాడు.

"ముఖం ఒక్కటి సూపెట్టు చాలు, ఏ సంవత్సరం బండో చెప్పేస్త" అనేవాడు పురానాపూల్ దగ్గరి ఇరానీ హోటల్లో.

"ముఖం కంపెనీది ఆనందన్నా" అనేవాడు ఎదురుగా కూర్చున్న అన్వర్. "ముఖం ఎనక ఉన్న ఇల్లు మాది."

అన్వర్ తాత లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. ఆ రోజుల్లో కంపెనీ నుంచి వచ్చేది ఇంజను, చక్రాలు, రెండు పొడుగాటి ఇనుప పట్టీలు, ముందు బోనెట్టు, దానిమీద ఆ ముఖం. అంతే. ముఖం వెనక గాలి. క్యాబినూ తలుపులూ వెనక డబ్బా అంతా ఊళ్లో వడ్రంగి కట్టాలి. అందుకే ఒకే నెలలో ఒకే కంపెనీలో పుట్టిన రెండు లారీలు పంజాబులో ఒక తీరుగా, పురానాపూల్లో ఇంకో తీరుగా పెరిగేవి. తాత కట్టిన షెడ్డులోనే ఇప్పుడు అన్వర్ తోపుడుబండ్లూ ఆటో ట్రాలీలూ కడుతున్నాడు.

"చెక్కది బట్ట అన్వర్ భాయ్. లారీ అంటే ఇనుము" అనేవాడు ఆనందరావు. "అంగి మార్చినంత మాత్రాన మనిషి మారుతడా?"

"అంగి కుట్టేటోన్ని అడుగు, చెప్తడు."

ఆ వాదన ఏడేళ్లుగా నడుస్తోంది. లారీలైతే నడవడం లేదు.

నడవని ఆ లారీల్లో అన్నింటికంటే ముఖ్యమైనది సీతారాం కట్టెల డిపో వెనక ఉంది. అరవై ఆరు మోడలు టాటా-మెర్సిడిస్. ముక్కుమీది చుక్క చెక్కుచెదరలేదు, క్యాబిను చెక్క కూడా. ఆనందరావు వారానికి రెండుసార్లు వెళ్లి దాని బోనెట్టు మీద చెయ్యేసి నిలబడేవాడు, నాడి చూసే డాక్టరులా. సీతారాం పాపం మంచివాడే. కానీ అక్కడ కొత్త షెడ్డు లేపుతున్నాడు.

"అన్నా, ఆదివారం గ్యాస్ కట్టరోళ్లొస్తున్నరు" అన్నాడు సోమవారం. "అంతలోపల నువ్వు ఏడికన్న తోల్కపోతే తోల్కపో. లేకుంటే ముక్కలే. నాకైతే జాగ గావాలె."

లారీని ఎక్కడికి తోలుకుపోతాడు? గౌలిపుర గల్లీలో ఆటో వస్తేనే ఎదురింటి వాళ్లు గడప లోపలికి జరగాలి.

దారి ఒక్కటే కనిపించింది. పాత బండ్ల క్లబ్బు వాళ్లు ఊరి బయట పెద్ద షెడ్డు కట్టారు. ఇన్నాళ్లూ కార్లూ మోటారుసైకిళ్లే తీసుకునేవాళ్లు, ఈసారి ఒక్క లారీ తీసుకుంటామన్నారు. వింటేజి క్లబ్బు అంటే వాళ్లు చెప్పింది వింటే 'జీ' అంటారు, వినకపోతే గేటు దగ్గరే 'ఏజీ' అని ఆపేస్తారు. ఆనందరావు లారీ ఫొటోలు పంపాడు. క్లబ్బు తరఫున నిఖిలేష్ అనే కుర్రాయన ఫారం పంపి, శనివారం చూడ్డానికి వస్తానన్నాడు. అది ఒరిజినల్ అని ఆయన రాస్తే లారీకి నీడ, రాయకపోతే కట్టరు.

ఫారంలో మొదటి ప్రశ్న: బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉందా?

ఆనందరావు ఆ ప్రశ్నను మూడుసార్లు చదివాడు. ముప్పై నాలుగేళ్లు సర్కులర్లు చదివిన మనిషి, ఏ మాట ఉంటే ఆ మాటే తీసుకుంటాడు. కంపెనీ నుంచి ఏమొచ్చింది? ఇంజను, ముఖం, పట్టీలు. చెక్క క్యాబిను కంపెనీ నుంచి వచ్చిందా? రాలేదు. అంటే అది ఒరిజినల్ కాదు. మంగళవారం పొద్దున సుత్తి, గడ్డపార, స్పానర్లు పట్టుకుని వెళ్లి, పొద్దుగూకేసరికి క్యాబినంతా విప్పి కింద పేర్చాడు. లారీ ఇప్పుడు అచ్చం కంపెనీ గేటు దాటిన రోజులా ఉంది: ముందు ముఖం, వెనక ఆకాశం, మధ్యలో గాల్లోకి లేచిన స్టీరింగు. ఆ కట్టెలు సీతారాం డిపోలో కలిసిపోకుండా, తోపుడుబండి మీద వేయించి, నాన్‌లు కాల్చే కాషిఫ్ బట్టీకి ఊరికే పంపించేశాడు.

విషయం విని సక్కుబాయి చేటలో బియ్యం ఆపింది.

"ఏందయ్యా, దాని బట్టలన్ని ఇప్పి నిలవెట్టి పెండ్లిచూపులకు పిలుస్తున్నవా?"

"నీకు తెల్వది, ఊకో. ఒరిజినల్ అంటే గట్లనే ఉంటది."

"ఏమో మరి. నాకైతే సిగ్గయితుంది."

బుధవారం సాయంత్రం నిఖిలేష్ ఫోను చేశాడు.

"అంకుల్, మీ ఫొటోలు మా ప్రెసిడెంట్ గారికి చూపించాను. సూపర్ అన్నారు. ముఖాలు మాకు చాలా దొరుకుతాయి అంకుల్, కానీ ఆ కాలం చెక్క క్యాబిన్ మొత్తంగా ఉన్నది ఇదొక్కటే చూశాం. అదుంది కాబట్టే ఈ లారీని సెలెక్ట్ చేశాం. కొంచెం జాగ్రత్తగా చూసుకోండి, శనివారం దాకా."

"జాగ్రత్తగనే... ఉన్నది" అన్నాడు ఆనందరావు. ఫోను పెట్టేశాక చెప్పులు వేసుకున్నాడో లేదో ఆయనకు గుర్తులేదు. వేసుకున్నాడు గానీ ఒకటి సక్కుబాయిది.

కాషిఫ్ బట్టీ ముందు జనం లైను కట్టి ఉన్నారు. కాషిఫ్ ఆయన్ని చూసి చేతులు రెండూ ఎత్తాడు.

"ఆనందన్నా! ఏం కట్టె పంపినవ్ భాయ్! పొద్దుగాల్నుంచి చూస్తున్న, నాన్‌లకు ఏం రంగొచ్చింది! సాగ్వాన్ టేకు కదా అది? సాగ్వాన్ మీద నవాబులు గూడ తినలే!"

"ఎంత మిగిలింది?"

"మస్తు మిగిలింది. రేపటి వరకొస్తది ఫికర్ చెయ్యకు."

మస్తుగా మిగిలిందని కాషిఫ్ చూపించినవి: బట్టీ నోట్లో పట్టక పక్కన పెట్టిన తలుపుల కింది సగాలు రెండు, ముందు అద్దం కింద ఉండే అడ్డపట్టీ ఒకటి, సీటు పలక ఒకటి. నిలువు గుంజలు, వెనక గోడ, రూఫు, అన్నీ నాలుగు మూలల నాన్‌లై సగం పాతబస్తీ కడుపులోకి చేరిపోయాయి. ఆనందరావు మిగిలిన ముక్కల్ని ఆటోలో వేసుకుని నేరుగా అన్వర్ షెడ్డుకు పోయాడు.

అన్వర్ ఆ ముక్కల్ని చూశాడు. తర్వాత ఆనందరావును చూశాడు. ఏడేళ్ల వాదనలో గెలిచిన మనిషి ముఖం కాదది.

"మా దాదా కట్టింది" అన్నాడు.

"నీ దాదా కట్టిందని నాకేం ఎరుక భాయ్?"

"ఏడేండ్ల సంది ఎవరు కట్టిండ్రో ఒక్కపారన్న అడిగినవా? ముఖమే సూస్తివి." అన్వర్ తలుపు సగాన్ని తిప్పి, అతుకు దగ్గర వేలు పెట్టాడు. అక్కడ ఇనుప మేకు లేదు, చెక్క మేకు ఉంది. "గిట్ల పురానాపూల్ల ఆయనొక్కడే కొట్టెటోడు."

"మళ్ల కట్టరాదు భాయ్. శనివారం పొద్దుగాల వరకు. కట్టె సీతారాం ఇస్తడు. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు ఇడువు. కట్టె ఎవరన్న ఇస్తరు. కొలత ఎవరిస్తరు?"

అన్వర్ అప్పుడు చెప్పాడు. తాత దగ్గర కొలత తియ్యకుండా మేకు దిగేది కాదు. లారీకి కాదు కొలత, డ్రైవరుకు. కంపెనీ నుంచి ముఖం బండిని తోలుకొచ్చిన డ్రైవరును దానిమీదే కూర్చోబెట్టి, దర్జీ అంగికి తీసినట్టు కొలతలు తీసేవాడు. మోచెయ్యి తలుపు అంచుమీద ఎక్కడ ఆనుతుంది, మోకాలు ఎక్కడ తగులుతుంది, తలమీద రూఫుకు ఒక పిడికిలి ఎడం. పొట్టి డ్రైవరుకు పొట్టి క్యాబిను, పొడుగు డ్రైవరుకు పొడుగు క్యాబిను. ఇంకొకడు ఎక్కి తోలితే రెండోనాటికి నడుం పట్టేసేది. పాత ఓనర్లు డ్రైవర్లను తీసెయ్యడానికి వెనకాడింది అందుకే.

"ఆ కొలతలు ఏడన్న రాసిపెట్టిండా మీ దాదా?"

"రాసిండు. రూఫు లోపలి పలకమీద."

రూఫు లోపలి పలకను పొద్దున ఎవరో కీమాలో నంజుకుని తిన్నారు.

కొలతలో ఇంత కలత ఉందని ఆనందరావుకు అప్పుడే తెలిసింది. సీతారాంకు ఫోను చేస్తే అతనో మాట చెప్పాడు. ఆ లారీని కంపెనీ నుంచి తెచ్చి, వాళ్ల నాయన దగ్గర ఇరవై రెండేళ్లు నడిపిన డానియేలు ఇంకా ఉన్నాడు. ఎనభై ఒకటి. జియాగూడలో కూతురు స్వరూప ఇంట్లో ఉంటున్నాడు.

గురువారం పొద్దున డానియేలు ఆటోలోంచి దిగి, క్యాబిను లేని లారీని చూసి ఆగిపోయాడు. ఏడుస్తాడేమోనని ఆనందరావు భయపడ్డాడు. ఆయన నవ్వాడు.

"అరె, గిది మల్ల పుట్టినట్టుందిరా! నేను జంషెడ్‌పూర్ల ఎక్కిననాడు గిట్లనే ఉండె. మామిడిపండ్ల డబ్బ ఏస్కొని దానిమీద కూసున్న. ఆరు దినాలు. ఎండ, వాన, దుమ్ము, అన్ని మీద్కెల్లే. నోరు తెరిస్తె పురుగులు. ప్రభువా ప్రభువా అనుకుంట నోరు మూస్కొనే ప్రార్థన జేసిన."

"అన్వర్ వాళ్ల దాదా కొలిచింది యాదికున్నదా పెద్దన్నా?"

"కొలిసిండు. శానసేపు సతాయించిండు. కాలెత్తు, కాలు దించు, మల్ల తొక్కు. పెండ్లి అంగికి గూడ గంత కొలవలె నన్ను."

అన్వర్ పాత బోల్టు రంధ్రాలు చూసుకుని తలుపు సగాన్ని దాని చోట బిగించాడు. సీటు పలకను కూడా పెట్టాడు. డానియేలును ఇద్దరూ పట్టుకుని ఎక్కించారు. తలుపు అంచుమీద ఒకచోట చెక్క నున్నగా అరిగి, దోసిలిలో సగమంత గుంట పడి ఉంది. ఇరవై రెండేళ్లు డానియేలు కుడి మోచెయ్యి ఆనిన చోటు. ఇప్పుడు ఆ మోచెయ్యి గుంటకు నాలుగు వేళ్లు కింద వేలాడుతోంది.

అన్వర్ మళ్లీ కొలిచాడు. నాలుగు వేళ్లే.

"తలుపు తప్పు బిగిచ్చినవ్" అన్నాడు డానియేలు.

"బోల్టులు ఆడనే ఉన్నయ్ చాచా."

"అయితే కట్టె పెరిగి ఉంటది."

ఆనందరావు డిపోలోంచి గోనెసంచులు తెచ్చాడు. ఒకటి మడిచి కింద పెట్టారు. మోచెయ్యి కొంచెం లేచింది. రెండు. మూడు. నాలుగో సంచికి మోచెయ్యి గుంటలో వచ్చి కూర్చుంది, ఎవరూ దానికి దారి చెప్పకుండానే. డానియేలు కిందికి చూసి సంచులు లెక్కపెట్టుకున్నాడు.

"నాలుగు" అన్నాడు.

అన్వర్ ఆయన తలపైన పిడికిలి పెట్టి, ఆ ఎత్తుకు గీత గీసుకున్నాడు. శుక్రవారమంతా రంపం ఆగలేదు. శనివారం పొద్దుటికి క్యాబిను నిలబడింది: కింద పాత చెక్క బెల్లంలా నల్లగా, పైన కొత్త టేకు తేనెలా పచ్చగా. చూడగానే ఎక్కడ పాతది ఆగిందో, ఎక్కడ కొత్తది మొదలైందో తెలిసిపోతోంది.

"కాలిన ఇంజనాయిలు రుద్దుదాం భాయ్" అన్నాడు ఆనందరావు గొంతు తగ్గించి. "రంగు కలిసిపోతది. ఆ పిలగానికి ఏం తెలుస్తది?"

"దాదా పని కింద నా పని దాచిపెట్టాల్నా? రుద్దను."

"లారీ ముక్కలైతది."

"నువ్వే ముక్కలు చేస్తివి, నాతోటి ఎందుకు లొల్లి?"

పదకొండు గంటలకు నిఖిలేష్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, చేతిలో ఫారం, మెడలో కెమెరా. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరుగుతూ సగంలో ఆగాడు.

"అంకుల్, ఫొటోలో రూఫ్ ఇలా లేదు కదా?"

ఆనందరావు నోరు తెరిచాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో బ్రేకు ఫెయిలైన బస్సుకు ఆయన ఎన్నడూ ఫిట్ అని సంతకం పెట్టలేదు. ఆ అలవాటు ఇప్పుడు అడ్డం పడింది.

"నేనే ఇప్పిన సార్. కంపెనీది కాదని ఇప్పిన. ముందుగాల కట్టింది అన్వర్ భాయ్ దాదా, మళ్ల కట్టింది అన్వర్ భాయ్. పాత రూఫు నాన్‌లు కాల్సెటందుకు పోయింది."

"నాన్... ఒరిజినల్ అన్నమాట" అన్నాడు నిఖిలేష్. జోకు వేస్తున్నానని తెలియకుండా వేసిన జోకు కనక ఎవరూ నవ్వలేదు.

ఆయన ఫారం తిప్పి వెనకవైపు చదివాడు. "ఒక రూలుంది అంకుల్. కార్లకు రాసుకున్నది. బాడీ మొదట కట్టిన వర్క్‌షాపులోనే, అదే కొలతతో రిపేరు చేస్తే ఒరిజినల్ కిందే తీసుకుంటాం. వర్క్‌షాపు అదే, సరే. అదే కొలత అని ఎలా తెలుస్తుంది?"

"ఇగో, కొలత ఈడనే ఉన్నది. ఈ బండి డ్రైవర్, ఈయనను కొలిచే కట్టిండు మా దాదా" అన్నాడు అన్వర్, పొద్దున్నే వచ్చి కూర్చున్న డానియేలును చూపించి.

డానియేలును ఎక్కించారు. నాలుగు గోనెసంచులు సీటు గుడ్డ కింద అప్పటికే ఉన్నాయి. ఆ ఏర్పాటు ఆనందరావుది. అబద్ధం చెప్పలేని మనిషి నిజాన్ని కొంచెం ఎత్తుగా కూర్చోబెట్టాడు, అంతే. మోచెయ్యి గుంటలో పడింది. నిఖిలేష్ వంగి చూశాడు, కనుబొమలు లేచాయి, పెన్ను తీశాడు.

"ఏందిరా ఇది!" అన్నాడు లోపల్నుంచి డానియేలు. "క్లచ్చందుతలేదు."

"బండి నడుస్తలేదు పెద్దన్నా, క్లచ్చెందుకు? ఊకె కూసో."

"స్టీరింగు ముంగట ఊకె కూసునుడు నాకు రాదు." ఆయన నడుం ఎత్తి, సీటు గుడ్డ కింద చెయ్యి పెట్టి, సంచులు ఒక్కొక్కటే లాగి కిటికీలోంచి పారేశాడు. నాలుగూ వరసగా నిఖిలేష్ బూట్ల ముందు పడ్డాయి. నిఖిలేష్ సంచుల్ని చూశాడు. ఆనందరావును చూశాడు. ఆనందరావు లారీ ముఖాన్ని చూశాడు.

మోచెయ్యి నాలుగు వేళ్లు కిందికి జారి వేలాడింది. నిఖిలేష్ పెన్ను మూత పెట్టాడు.

"సారీ అంకుల్."

డానియేలుకు ఇవేవీ పట్టలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. ఆ కాలం గేరుబాక్సు మొండిది. గేరు మార్చాలంటే క్లచ్చు రెండుసార్లు తొక్కాలి. ఒకసారి తొక్కి గేరు విడిపించుకోవాలి, వదలాలి, మళ్లీ తొక్కి కొత్త గేరులో వేయాలి. తొక్కడమంటే ఇప్పటి కార్లలా పాదంతో కాదు, మనిషి మొత్తం దిగాలి దానిమీదికి. డానియేలు ఎడమకాలు చాపాడు. వీపు వెనక పలకకు ఆనించి తన్నాడు. వంగిన వెన్ను ఆ తన్నుడుకు నిటారుగా లేచింది, భుజాలు లేచాయి, మనిషి సీటుమీద నాలుగు వేళ్లు పైకొచ్చాడు.

మోచెయ్యి గుంటలో కూర్చుంది.

వదిలాడు, దిగిపోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ అక్కడే, ఆ గుంటలోనే కూర్చుంది. ఎడమచెయ్యి గేరు కడ్డీని లాగింది. లోపలెక్కడో ఎన్నో ఏళ్ల తుప్పు కటుక్కుమంది.

"సెకండ్ల పడ్డది" అన్నాడు డానియేలు.

"అరె అల్లా!" అన్నాడు అన్వర్. "దాదా క్లచ్చు తొక్కిచ్చి కొలిచిండు! నేనేమో కూసోబెట్టి కొలిచిన. చాచా, అట్లనే ఉండు, కాలు తియ్యకు!" ఎక్కి, డానియేలు తలమీద పిడికిలి పెట్టి రూఫు కింద చూశాడు. పిడికిలి పట్టింది. ఇంకో వేలంత ఎడం మిగిలింది. అన్వర్ ముఖం కొంచెం వాడింది.

"ఒక్క వేలు ఎక్కువైంది."

"ఎక్కువెందుకైతది? అప్పట్ల తలకు తువ్వాల చుట్టుకుంటుంటి" అన్నాడు డానియేలు. "ఇగ కాలు తియ్యాల్నా? గుంజుతుంది."

నిఖిలేష్ చాలాసేపు ఫారం మీద ఏదో రాశాడు. ఆనందరావు ఆయన భుజం పక్కనుంచి తొంగిచూశాడు. 'ఒరిజినల్ భాగాలు' అన్నచోట ఇంజను, గేరుబాక్సు, ముందు ముఖం, తలుపులు, సీటు పలక అని ఉంది. ఆ తర్వాత కామా పెట్టి, డ్రైవరు అని రాసి ఉంది. 'తర్వాత మార్చినవి' అన్నచోట: రూఫు, కట్టినది అదే షెడ్డు, తీసుకున్నది అదే కొలత. దాని పక్కన అన్వర్ పేరు, అతని తాత పేరు.

ఆదివారం గ్యాసు కట్టరు వాళ్లు సిలిండరుతో లోపలికి వస్తుంటే లారీ బయటికి వెళుతోంది. దాన్ని ఎక్కించుకుపోయే పెద్ద ట్రాలీ గల్లీలోకి రాలేక మెయిన్ రోడ్డుమీదే ఆగింది. అందుకని అన్వర్, సీతారాం, డిపో హమాలీలు, చివరికి కట్టరు వాళ్లు కూడా నెట్టారు. ఆనందరావు బోనెట్టు పక్కన చేరాడు. పేరులోనే 'నెట్టు' పెట్టుకుని పుట్టిన వస్తువు, నెట్టక తప్పుతుందా! కానీ ఆయన కళ్లు ఈసారి ముఖం మీద లేవు, తలుపు అతుకులో ఉన్న చెక్క మేకు మీద ఉన్నాయి.

"ఇసొంటియి ఇంకా ఏడేడ ఉన్నయి అన్వర్ భాయ్?" అన్నాడు రొప్పుతూ.

"ఫస్టు నెట్టు. తర్వాత చెప్త."

"ఒర్రకుండ్రి!" స్టీరింగు దగ్గర్నుంచి అరిచాడు డానియేలు. తలకు కొత్త తువ్వాలు చుట్టుకున్నాడు. "ఎడమకు నెట్టుండ్రి, ఎడమకు! నాకు బ్రేకుల్లెవ్వు!"

లారీ రోడ్డు ఎక్కేసరికి కాషిఫ్ బట్టీలోంచి పరుగెత్తుకొచ్చాడు, చేతులకు పిండితో. లారీ పక్కనే నడుస్తూ కొత్త రూఫును కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"ఆనందన్నా, బుధవారం నాన్ కావాలని గిరాకీలు పానం తీస్తున్నరు. ఇది గూడ సాగ్వానేనా?"

అన్వర్ నెట్టడం ఆపి, సుత్తి ఎక్కడుందా అని చూసుకున్నాడు.